ఆ కాగితం ఎవరు సదువుతరు?

2014 ఆగస్టు 19న నేను సమగ్ర కుటుంబ సర్వేలో ఎన్యూమరేటర్ని. రాష్ట్రం ఏర్పడి రెండున్నర నెలలు. ఒక్క రోజులో తెలంగాణలోని ఇళ్లన్నీ తిరిగి వివరాలు రాసుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పుడు నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. బస్సులు లేవు, దుకాణాలు మూసేశారు. నాకు కేటాయించిన ఊళ్లో మాత్రం దసరా పండగలా ఉంది. బొంబాయి, భీవండి, పూణేలకు పనికి పోయినవాళ్లు ముందురోజు రాత్రికే దిగారు. పేరు రాయించుకోకపోతే రేషన్ కార్డు పోతుందని, పింఛను పోతుందని, అసలు మనుషుల లెక్కలోనే ఉండమని ప్రచారం. వివరాలివ్వడం స్వచ్ఛందమేనన్న మాట హైకోర్టు దాకా పోయింది గానీ ఆ ఊరి దాకా రాలేదు.

నా జాబితాలో ఏడో ఇల్లు. ముప్పై దాటని మనిషి, ఇద్దరు పిల్లలు, గడప పక్కన మంచం మీద మామ. వాకిట్లో సర్వే చూడ్డానికి చేరిన పదిమంది. పేరు, వయసు, ఆధార్ అయ్యాయి. "ఇంటాయన ఏడి అక్కా?" అని అడిగాను, ఫారంలో ఉంది కాబట్టి. ఆమె వాకిలి వైపు ఒకసారి చూసి, "బొంబైల ఉన్నడని రాసుకో పంతులమ్మా" అంది. గుంపులోంచి ఎవడో, "బొంబైల ఎవలతోని ఉన్నడో గది గూడ రాయి మేడం" అన్నాడు. నవ్వులు. మామ లేచి లోపలికి పోయాడు. ఆమె తల దించుకోలేదు. ఫారం మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది: "ఈ కాగితం ఎవరు సదువుతరు?"

"గవర్నమెంటు" అన్నాను.

ఆ జవాబు నన్ను చాలాకాలం వెంటాడింది. కథ చేతికిస్తే చాలు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని ఉద్దేశించి, ఎవరి గొంతు వినపడటం లేదు అని విద్యార్థుల చేత అడిగించే మనిషిని. ఒక ఆడదాని జీవితాన్ని గళ్లలో నింపుతున్న ఆ పాఠాన్ని మాత్రం ఎన్నడూ అలా చదవలేదు. నింపాను, సంతకం పెట్టించాను, కట్ట కట్టి అప్పజెప్పాను. ఈ వ్యాసం ఆ ఆలస్యమైన చదువు. సైబర్ భద్రత, డేటా గోప్యత అనగానే కంప్యూటర్ చదువుకున్న మగపిల్లల వ్యవహారమనీ మన పేజీల్లో దానికేం పనీ అనీ అనిపించవచ్చు. నాకూ అట్లాగే ఉండేది.

మనకు ఈ విషయం మీద మాట లేకపోవడానికి ఒక కారణం మన ఉద్యమంలోనే ఉంది. తెలుగులో 'ప్రైవసీ'కి దగ్గరగా ఉన్న ఇంటిమాట 'గుట్టు'. ఇంటిగుట్టు. అది ఇంటిది, అంటే మగవాడిది. మోసే బాధ్యత ఆడదానిది. మొగుడు కొట్టినా, మామ చెయ్యి పట్టుకున్నా బయటపెట్టకపోవడం గుట్టు. స్త్రీవాదం మొదట బద్దలు కొట్టింది ఈ గుట్టునే. నాలుగు గోడల మధ్య జరిగేది కూడా రాజకీయమే అన్నాక, ఇప్పుడు గోప్యత కావాలని ఏ మొహంతో అడుగుతాం? ఈ ఇబ్బంది నిజమైనదే. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తీర్పులో కూడా, ఇంటి హింసకు ముసుగుగా గోప్యత మారుతుందన్న స్త్రీవాదుల విమర్శ ప్రస్తావనకు వచ్చింది.

అయితే దానికి ముప్పై నాలుగేళ్ల ముందే మన హైకోర్టులో గుట్టుకూ గోప్యతకూ తేడా తేలింది. 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ చెల్లదన్నారు. ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె శరీరం మీద ఆమెకున్న నిర్ణయాధికారాన్ని రాజ్యం లాక్కోవడమేనని ఆ తీర్పు సారం. ఆ మరుసటేడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ని నిలబెట్టింది. అది వేరే దుఃఖం. నాకు కావలసిందల్లా ఆ తీర్పు చేసిన విభజన. గుట్టు ఇంటి పరువుని కాపాడుతుంది. గోప్యత ఆ ఇంట్లోని ఒక మనిషిని, అవసరమైతే ఆ ఇంటి నుంచే కాపాడుతుంది. ఏడో ఇంటి మనిషి అడిగింది రెండోదాని గురించి. ఆమె మొగుడు వదిలేసిన సంగతి ఊరందరికీ తెలుసు, దాచడానికేం లేదు. కాగితం మీదికెక్కితే ఎవరెవరికి తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తారు అన్నది ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్న ఈ నేలకు కొత్తది కూడా కాదు. పేరు రాజ్యానికి తెలియకపోవడమే ప్రాణం నిలబెట్టిన రోజులు నల్లగొండ చూసింది. కరివిరాల కొత్తగూడెం నుంచి సాయుధ పోరాటంలోకి వెళ్లిన మల్లు స్వరాజ్యం 'రాజక్క' అయింది ఇందుకే. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 'మనకు తెలియని మన చరిత్ర' కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంలోని స్త్రీలను కలిసి మాటలు రికార్డు చేసుకున్నారు. వాళ్లూ అడిగారు, నేనూ అడిగాను. అక్కడ చెప్పే మనిషి ఎదుట కూర్చుని వినే మనిషి ఉంది, చెప్పిన మాట పుస్తకమై తిరిగి ఆమె చేతికొచ్చింది. నా ఫారం తిరిగి ఎవరి చేతికీ రాలేదు. మనం రచయిత్రులం కలం పేర్లు పెట్టుకుంటాం. అత్తగారు చదువుతారనో ఆఫీసులో తెలుస్తుందనో ఒక అక్షరం మార్చుకుంటాం. లబ్ధిదారుకి కలం పేరు ఉండదు.

లబ్ధిదారుకి ఉండేది వేలిముద్ర. ఇక్కడ కొంచెం ఆగాలి. 1990లలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిచినప్పుడు ఆడవాళ్లు నేర్చుకున్న మొదటి విద్య సంతకం. 'వేలిముద్రగాళ్లు' అన్న తిట్టు నుంచి బయటపడటం అంటే అదే. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి కదిలింది ఆ చదువులోంచే. ఇన్నేళ్లకు ఏమైంది? రేషన్ దుకాణంలో వేలు పెట్టు, ఉపాధి కూలికి వేలు పెట్టు, పింఛనుకు వేలు పెట్టు. సంతకం నేర్చుకున్న మనిషిని కూడా రాజ్యం మళ్లీ వేలిముద్ర మనిషిని చేసింది. పత్తి ఏరి, గిన్నెలు తోమి, గడ్డపార పట్టి అరిగిపోయిన ఆ వేలిని మిషన్ గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే తప్పు వేలిదే. "సబ్బుతో కడుక్కొని రా" అంటారు.

సంతకం దొంగిలిస్తే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో బహిరంగంగా దొరికే భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు నకళ్లు చేసి, ఎవరెవరివో పేర్ల మీద వేల సిమ్‌లు తీసుకున్నాడు. వాడి తెలివితేటల గురించి పత్రికలు బాగానే రాశాయి. ఆ దస్తావేజుల్ని అందరూ చూసేలా పెట్టినవాళ్ల గురించి అంత రాయలేదు. దొంగ దొరికితే కథ అయిపోయినట్టే. తలుపు తీసిపెట్టిన ఇంటి యజమాని పాత్ర ఈ కథల్లో ఎప్పుడూ రాదు.

ఉపాధి హామీ సంగతి ఇంతకంటే చిక్కుది, నా మనసు రెండుగా చీలే చోటు కూడా అదే. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మొదటి విడత పదమూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. సామాజిక తనిఖీలో ఊరి నడుమ మైకు పెట్టి, ఎవరి పేరున ఎన్ని దినాలు, ఎన్ని రూపాయలు అని చదివేవాళ్లు. చచ్చినవాళ్ల పేర్ల మీద కూలి తిన్న సంగతులు అట్లా బయటపడ్డాయి. నేను కూర్చున్న ఒక సభలో "నేను చెయ్యని పనికి నా పేరెట్ల రాసినవ్?" అని ఒక ముసలమ్మ లేచి నిలదీసింది. అవతలి మనిషి చెమటలు తుడుచుకున్నాడు. పేరు బహిరంగం కావడం అక్కడ ఆ ముసలమ్మకు బలం. కాబట్టి బహిరంగం చెడ్డది, రహస్యం మంచిది అనే తేలిక సూత్రం నాకు పనికిరాదు.

కానీ మైకు ముందు ఎవరు కూర్చున్నారో ముసలమ్మకు కనిపిస్తుంది. వెబ్‌సైట్ ముందు ఎవరు కూర్చున్నారో కనిపించదు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి, పదమూడు కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, వాటితో బ్యాంకు ఖాతాల వివరాలు బయటపడి ఉంటాయని అంచనా కట్టింది. ఆ నాలుగింటిలో ఒకటి ఉపాధి హామీది, ఒకటి పింఛన్లది, రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానివి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. పారదర్శకత పేరుతో గోడకు అంటించినట్టే అంటించారు. 2023 జనవరి నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరైంది. ఆ ఫోటోలూ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడగలిగేవే. దేవరకొండ దగ్గర ఒక పని స్థలంలో నాతో మాట్లాడిన ఆడవాళ్లకు అది తెలియదు. నా ఫోన్‌లో చూపించాను. ఒకామె తన ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూసుకుంది. ఎండకు ముడిచిన మొహం, మోకాళ్ల దాకా దోపిన చీర. "కొంగన్న సర్దుకోనియ్యలే" అంది. ఫోన్ తిరిగి ఇచ్చేసింది. 2025 డిసెంబరులో పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేశారు. ఆ ఫోటోలు ఎప్పుడు చెరిపేస్తారని ఆమె నన్ను అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు.

అదే సమయంలో వెలుతురు రెండో వైపు తగ్గుతోంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, గోప్యత పేరు చెప్పి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ని కత్తిరించింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ సెక్షన్‌లో ఉండేది. 2025 నవంబరులో నియమాలతో పాటే ఈ కత్తిరింపు అమల్లోకి వచ్చింది. 8(2) సెక్షన్ ఇంకా ఉంది కదా, ప్రజాప్రయోజనం అక్కడ చూసుకుంటాం అని ప్రభుత్వం అంటోంది. కావచ్చు. చూసుకునేది మాత్రం ఆ సమాచారాన్ని దాచాలనుకునే ఆఫీసే. కూలికి పోయే ఆడమనిషి మొహం లోకమంతా చూడొచ్చు, మస్టర్‌లో దొంగపేర్లు రాసిన మనిషి వివరం అడిగితే వ్యక్తిగతం. చెప్పానుగా, గుట్టు ఎప్పుడూ ఇంటి యజమానిదే. ఇల్లు పెద్దదైంది, అంతే.

ఆ చట్టం పాఠాన్ని కొంచెం దగ్గరగా చదవాలి. అందులో మనిషిని 'ఆమె' అనే సర్వనామంతో పిలిచారు, స్త్రీ పురుషులిద్దరికీ కలిపి. మన దేశంలో చట్టాలు ఇన్నాళ్లూ 'అతడు' అనేవి. మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం వేసిన మాట నిజం. తర్వాత ఏడో సెక్షన్ చదివాను. సబ్సిడీ, పథకం, సర్టిఫికెట్ కోసం ఆమె ఒకసారి ఇచ్చిన వివరాలను ఇతర ప్రయోజనాలు అందించడానికి రాజ్యం వాడుకోవచ్చు, మళ్లీ ఆమె అనుమతి అక్కర్లేదు. పదిహేడో సెక్షన్ ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు, దేశభద్రత వంటి కారణాలతో ఈ చట్టమే వర్తించదు. వివరాలు కాపాడలేనివాళ్లకు రెండువందల యాభై కోట్ల దాకా జరిమానా ఉంది. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోతుంది, ఎవరి వివరాలు పోయాయో ఆమెకు పైసా రాదు. అంతకుముందు ఐటీ చట్టంలో పరిహారం అడిగే 43ఎ సెక్షన్ ఒకటుండేది, దాన్ని తీసేయడానికి కూడా ఇందులోనే రాసిపెట్టారు. ఇక పదిహేనో సెక్షన్: ఆమె విధులు. ప్రభుత్వ గుర్తింపు పత్రాల కోసం వివరాలిచ్చేటప్పుడు ముఖ్యమైన సంగతి ఏదీ దాచకూడదు. విధి తప్పితే పదివేల దాకా జరిమానా. ఈ సెక్షన్లు 2027 నాటికి అమల్లోకి రావాలి. "బొంబైల ఉన్నడని రాసుకో" అన్న మాట ఈ సెక్షన్ కింద ఏమవుతుందో నేను ఒక లాయరు మిత్రురాలిని అడిగాను. నవ్వి, "అది గుర్తింపు పత్రం కాదులే, సర్వే" అంది. సర్వేలోంచే కదా పత్రాలు పుడతాయి.

ఇంతకీ ఈ పత్రాల్లో ఫోన్ నంబరు గడి ఒకటుంటుంది. నేను నింపిన ఫారాల్లో ఆడవాళ్ల పేర్ల పక్కన ఎక్కువగా కొడుకు నంబరో, మరిది నంబరో ఉంది. ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది, పింఛను పడ్డ మెసేజ్ వస్తుంది, గర్భిణిగా నమోదైనట్టు మెసేజ్ వస్తుంది. ఆమెకంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. 2017 జూన్ నుంచి ఒంటరి మహిళలకు తెలంగాణలో పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు. మంచిపని, కొట్లాడి తెచ్చుకున్నది. కానీ ఒంటరితనాన్ని ఊరి ముందు రుజువు చేసుకోవాలి. ఒంటరిగా ఉంటున్నదా లేదా అన్నది ఇరుగుపొరుగును అడిగి రాసుకోవలసిన 'డేటా' అయింది.

సైబర్ నేరాల పోస్టర్లు ఇప్పుడు బస్టాండుల్లో కనిపిస్తాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. తెలియని లింకు నొక్కవద్దు. మోసపోతే 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు వల్ల డబ్బు తిరిగొచ్చిన వాళ్లున్నారు, కాదనను. అయినా ఆ భాష నాకు బాగా తెలిసిన భాష. రాత్రిపూట ఒంటరిగా తిరగవద్దు, అట్లాంటి బట్టలు వేసుకోవద్దు. నేరం జరిగితే మొదట వెతికేది ఆమె అజాగ్రత్తని. చదువు రాని మనిషి ఓటీపీ ఎవరికీ చెప్పకుండా ఏ పని చేయించుకోగలదు? మీసేవ కుర్రాడికి చెప్పాలి, గ్యాస్ తెచ్చినవాడికి చెప్పాలి, మినీ బ్యాంకు అతనికి వేలే ఇవ్వాలి. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పు కోసం ఫోన్‌లోని నంబర్లన్నీ అప్పజెప్పారని వాళ్లనే తప్పుపట్టిన మాటలు స్టాఫ్ రూముల్లో నేను విన్నాను.

మరి జాగ్రత్తగా ఉన్న ఆడవాళ్ల మాటేమిటి? పోలీసుల 'హాక్ ఐ' యాప్‌ని ఆడపిల్లలు ఫోన్‌లో పెట్టుకోవాలని కాలేజీల్లో చెప్పించారు. నేనే చెప్పాను. ఆపద వస్తే బటన్ నొక్కండి, ఎక్కిన వాహనం నంబరు పంపండి అని. 2024లో ఆ యాప్ సమాచారం దొంగిలించి అమ్మకానికి పెట్టారు. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో జూన్‌లో ఉత్తరాది నుంచి ఒక ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి పట్టుకొచ్చింది. పట్టుకోవడం మెచ్చదగ్గదే. ఆ యాప్ వాడిన నా పాత విద్యార్థిని ఒకామె నాకు ఫోన్ చేసింది. తనని వేధించినవాడి మీద ఒకప్పుడు అందులోనే ఫిర్యాదు పెట్టింది. "అది కూడా పోయి ఉంటుందా మేడం?" అని. ఆ సంగతి ఎవరూ ఆమెకు ఫోన్ చేసి చెప్పలేదు, పేపర్లో చూసింది. భయం ఉన్నవాళ్లు ఎవరెవరో ఒక్కచోట జాబితా కట్టి పెట్టడం రక్షణ ఎట్లా అవుతుందో యాప్ చేసినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించి ఉంటారా అని నాకు అనుమానం.

పెద్ద మాటలన్నీ అయ్యాక ఒక చిన్న దృశ్యం. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో కొత్త ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. కోటికి పైగా వచ్చాయి. మహాలక్ష్మి కింద నెలకు రెండున్నర వేలు వస్తాయని ఆడవాళ్లు వరసల్లో నిలబడ్డారు. ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు, కులం అన్నీ రాశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఒక మోటారు సైకిల్ వెనక నుంచి అట్టపెట్టె తెగి ఆ దరఖాస్తులు రోడ్డంతా పడ్డాయి. కంప్యూటర్లో ఎక్కించడానికి ప్రైవేటు మనుషుల ఇళ్లకు తీసుకుపోతున్నారట. అటుగా పోయేవాళ్లు బండ్లు ఆపి ఏరి ఇచ్చారు. ఈ దేశంలో సైబర్ భద్రత అంటే నాకు ఆ ఫ్లైఓవరే గుర్తొస్తుంది. హ్యాకర్ అక్కర్లేదు, గాలి చాలు.

2024 నవంబరులో మళ్లీ ఇంటింటి సర్వే వచ్చింది. కులాల లెక్క తేలాలని కోరుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను. లెక్కలో లేకపోతే వాటాలో లేమన్నది దళిత, బీసీ స్త్రీలు మనకు నేర్పిన పాఠం. అప్పటికి నేను నల్లగొండలో ఉంటున్నాను, ఒక్కదాన్నే. తలుపు మీద స్టిక్కర్ అంటించారు. రెండు రోజుల తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది, చిన్నది, పొద్దుటి నుంచి తిరిగి అలసిపోయి ఉంది. మంచినీళ్లిచ్చాను. ఎదురింటివాళ్లు ఎందుకో గేటు దగ్గర నిలబడ్డారు. లేచి తలుపు దగ్గరికి వేశాను. వైవాహిక స్థితి అన్నచోట ఆ పిల్ల పెన్ను ఆపి నా మొహం వైపు చూసింది, అడగడానికి మొహమాటపడి. నేను చెప్పాను. రాసుకుంది.

"ఈ కాగితం ఎవరు చదువుతారమ్మా?" అని అడిగాను.

"మండలాఫీసులో ఇస్తం మేడం. ఆపరేటర్లు ఎక్కిస్తరు" అంది. కాసేపాగి, "అటు తర్వాత మాకూ తెల్వదు" అంది.